వాపస్ రాని సాక్ష్యం

మా సంఘంలో ఆదివారం ఆరాధన నడుమ ఒక వేళ ఉంటుంది. పాటలు అయిపోయాక, వాక్యం మొదలుకాక ముందు, పాస్టరు అయ్యగారు మైకు పట్టుకుని ఎవరికైనా సాక్ష్యం ఉంటే వచ్చి చెప్పమంటారు. దేవుడు తనకు చేసిన మేలును పదిమంది ముందు నిలబడి చెప్పడమే సాక్ష్యం. జ్వరం తగ్గినవాళ్ళు చెప్తారు. బర్రె కష్టం లేకుండా ఈనితే చెప్తారు. పోయిన సెల్లు దొరికిందని ఒకామె ఏడ్చి మరీ చెప్పింది. విన్నవాళ్ళంతా స్తోత్రం అంటారు, చెప్పినవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ వచ్చి చాప మీద కూర్చుంటారు. చిన్నప్పటి నుంచి నేను విన్న సాక్ష్యాలు నాకు చాలావరకు గుర్తే. ఎవరు ఏ చీర కట్టుకుని ఏం చెప్పారో అడిగితే ఇప్పటికీ చెప్తాను. బడి మధ్యలోనే మాన్పించారు నన్ను. నాకున్న చదువంతా చెవుల్లోకి వచ్చిందే. అక్షరాలు కూడా బైబిలు చూస్తూ చూస్తూ వచ్చాయి.

మా తమ్ముడు చెప్పిన సాక్ష్యం మాత్రం గుర్తుంచుకోవద్దని ఎంత అనుకున్నా పోదు.

మాది బోధన్. చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో మా బాపు అక్కడ చెరుకు బండ్లు దింపే దగ్గర పనిచేసేవాడు. సీజన్ వస్తే ఊరంతా బెల్లం పాకం వాసన. వర్ని దిక్కు నుంచి, కోటగిరి దిక్కు నుంచి బండ్లు వరుస కడితే ఎడ్ల మెడల గంటల చప్పుడుకే మాకు తెల్లవారేది. బాపు తర్వాత తమ్ముడు కూడా అక్కడే పని చేస్తాడని ఇంట్లో ముందే అనుకున్నారు. ఫ్యాక్టరీ మూతపడింది. చెరుకు వేసిన పొలాల్లో వరి వేశారు. తమ్ముడు రైస్ మిల్లులో హమాలీ అయ్యాడు. నా పెనిమిటి పోయిన తర్వాత నేను వాళ్ళ వాకిట్లోనే ఒంటి గది అర్ర ఒకటి వేసుకుని బీడీలు చుట్టుకుంటూ ఉంటున్నాను. కనుక ఇదంతా నా కళ్ళ ముందు జరిగిందే.

హమాలీ పనికి పోయినవాడు కల్లుకు పోకుండా ఉండటం మా దిక్కు అరుదు. చెట్టు మీంచి దింపిన కల్లు అనుకునేరు. దుకాణంలో సీసాల్లో పోసి ఇచ్చే కల్లులో నిద్రమందు పొడి కలుపుతారని పసిపిల్లకు కూడా తెలుసు. సంచులు మోసిన నడుముకు ఆ సీసా పడితే నొప్పి తెలియదు, కన్ను మూతపడుతుంది. తాగితే ఏమీ కాదు. మానేస్తేనే అసలు కథ. ఒక పూట దొరకకపోతే చేతులు వణుకుతాయి. ఇంకా దొరకకపోతే మెడ ఒక పక్కకు గుంజుకుపోతుంది, ఒంటి మీద చీమలు పాకుతున్నట్టు గీరుకుంటారు, లేని మనుషులతో మాట్లాడతారు. దుకాణాలు బంద్ పెట్టినప్పుడల్లా మా వాడలో మగవాళ్ళనే కాదు, ముసలమ్మలను కూడా ఆటోల్లో దవాఖానలకు మోసుకుపోయారు. అందుకే ఎవరి ఇంట్లోనైనా తాగేవాడికి జ్వరం వచ్చి లేవలేకపోతే, భార్యే పోయి ఒక సీసా తెచ్చి కొంచెం కొంచెం పోస్తుంది. గంజి పోసినట్టు పోస్తుంది. అది మా దిక్కు సంసారం.

మా తమ్ముడు పాటగాడు. సంఘంలో డోలక్ వాడే కొట్టేవాడు. కల్లు ముదిరాక డోలక్ ఎవరో పిల్లల చేతికి పోయింది. వాడు వెనక గోడకు ఆనుకుని కూర్చుని పాటలు పాడటం వరకు మిగిలాడు. మా మరదలు, అంటే వాడి భార్య, వాడి కోసం ఎన్ని ఉపవాసాలు ఉందో దేవుడికే ఎరుక. నేనూ ప్రార్థన చేసేదాన్ని. కానీ నిజం చెప్పాలంటే, మా ప్రార్థనలో ఆశ ఎప్పుడో ఆరిపోయింది. రోజూ వాకిలి ఊడ్చినట్టు వాడి పేరు కూడా ఊడ్చి దేవుడి ముందు పెట్టేవాళ్ళం.

ఆశ ఉన్నది ఒక్కడికే. వాడి కొడుకుకు.

నా మేనల్లుడు నిజామాబాద్‌లో సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేస్తాడు. రోజూ పొద్దున బస్సులో పోయి పొద్దుగూకినాక వస్తాడు. తాగడు, గుట్కా వేయడు, ఇస్త్రీ లేని అంగీ తొడగడు. ఆ దుకాణంలో దోస్తు ఒకడు పిలిస్తే, జీవితం మార్చుకునే క్లాసులకు పోవడం మొదలుపెట్టాడు. ఫంక్షన్ హాల్లో కోటు వేసుకున్న సారు ఒకాయన చెప్తాడట. పొద్దున లేవగానే అద్దం ముందు నిలబడి, తాను ఏం కావాలనుకుంటున్నాడో అది అప్పటికే అయిపోయినట్టు గట్టిగా అనుకోవాలి. నోట్లోంచి చెడ్డ మాట రానీయకూడదు. సమస్య అనకూడదు, అవకాశం అనాలి. లేదు అనకూడదు, వస్తోంది అనాలి.

ఒకరోజు మా మరదలు బియ్యం డబ్బా తట్టి చూసి, బియ్యం ఒడిసినయని అన్నది. మేనల్లుడు అన్నం తింటూనే తల ఎత్తి, "అమ్మా, ఒడిసినయ్ అనొద్దు. బియ్యం వస్తున్నయ్ అనాలె" అన్నాడు.

"ఏ బస్సుకు వస్తున్నయ్ బిడ్డా? స్టాండుకు పోయి ఎదుర్కొస్త" అన్నది ఆమె.

తమ్ముడు పొలమారేలా నవ్వాడు. నేనూ నవ్వాను. మేనల్లుడు నవ్వలేదు. వాడికి మా నవ్వు కూడా ఒక చెడ్డ మాటలాగే అనిపించిందేమో. చెయ్యి కడుక్కుని లేచి, బాపును మారుస్తానని, ఎవరూ అడ్డం రావద్దని చెప్పాడు. వాడి ముఖం చూస్తే నాకు నవ్వు పోయింది. మేము దేవుణ్ణి నమ్మేవాళ్ళమే, అయినా మా తమ్ముడు బాగుపడతాడని నమ్మింది ఆ పిల్లవాడే.

వాడు దుకాణంలో సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాడు. వాకిట్లో నీళ్ళ డ్రమ్ము మీది గోడకు మేకు కొట్టి కొత్త అద్దం వేలాడదీశాడు. కల్లు ఒక్కసారే బంద్. తండ్రిని చెయ్యి పట్టి అద్దం ముందు నిలబెట్టి, నేను మారిన మనిషిని అని అనమన్నాడు. తమ్ముడి చేతులు అప్పటికే వణుకుతున్నాయి. అయినా కొడుకు మాట కాదనలేదు. అన్నాడు. ఇంకొకసారి అనమంటే ఇంకొకసారి అన్నాడు. అట్లా అంటూనే, పక్కన బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న నన్ను అద్దంలో చూసి కన్ను గీటాడు.

"అక్కా, అద్దంల ఉన్నోడు మారిండంట. ఇగ నేనొక్కన్నే మిగిలిన."

తర్వాత నవ్వులాట లేదు. వణుకు ఎక్కువైంది. తాగేవాడు ఒక్కసారే మానితే అట్లా అవుతుందని వాడలో ఎవరిని అడిగినా చెప్తారు. మాకూ తెలుసు. మా మరదలు కొంగులో సీసా దాచుకుని తెస్తానని లేచింది. కొడుకు గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. పాత అలవాటు పోయేటప్పుడు కొట్లాడే పోతుందని సారు ముందే చెప్పాడట. ఇంతలో సంఘంలో ప్రార్థన గుంపు ఆడవాళ్ళు వచ్చారు. వాళ్ళు కూడా ఆమె చేయి పట్టి కూర్చోబెట్టారు. దురాత్మ వదిలేటప్పుడు ఒళ్ళు అట్లాగే ఊపుతుందని, ఇప్పుడు కల్లు పోస్తే చేసిన ఉపవాసమంతా పోతుందని అన్నారు. ఉన్నది ఒకటే వణుకు. కొడుకు చూసి సంతోషపడ్డాడు, వాళ్ళూ చూసి సంతోషపడ్డారు. ఇంత మంది ఇంత గట్టిగా నమ్ముతుంటే, తెలిసిన సంగతి కూడా తెలియనట్టు అయిపోతుంది. తమ్ముడు గోడ మూలకు చూసి, చచ్చిపోయిన మా బాపుతో చెరుకు బండ్ల గురించి మాట్లాడుతున్నాడు.

పళ్ళు కరుచుకుపోయి ఫిట్సు వచ్చినాక అందరం ఒకటయ్యాం. ఆటోలో వేసుకుని నిజామాబాద్ పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. దారి పొడుగునా వాడి తల నా ఒళ్ళో ఉంది. అక్కడ డాక్టరు మంచివాడు. అది దయ్యమూ కాదు, పట్టుదల లేకపోవడమూ కాదు, కల్లులో కలిపే మందు ఒంట్లో ఇంకిపోయిందని, ఒక్కసారి ఆపితే ప్రాణం మీదికి వస్తుందని నెమ్మదిగా చెప్పాడు. గోళీలు రాశాడు. అవి కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ చాలాకాలం వేసుకోవాలి, మధ్యలో ఆపకూడదు, మళ్ళీ మళ్ళీ వచ్చి చూపించుకోవాలి. షుగర్ ఉన్నవాళ్ళు గోళీలు వేసుకోరా, ఇదీ అంతే అనుకో అన్నాడు. తమ్ముడు బుద్ధిగా తల ఊపాడు.

ఆ తర్వాత మా ఇంట్లో కొన్ని మంచి దినాలు వచ్చాయి. అవి చెప్పాలని నాకు ఆశ. వాడికి ఆకలి తెలిసింది. జొన్నరొట్టె మీద వెల్లుల్లి కారం, నూనె పోసుకుని తిని, ఇంకొకటి అడిగేవాడు. మధ్యాహ్నం నా పక్కన కూర్చుని నేను చుట్టిన బీడీలకు దారం కట్టేవాడు. కడుతూ కడుతూ మిల్లులో ఎవరు ఎట్లా నడుస్తారో, ఎవరు ఎట్లా తుమ్ముతారో చేసి చూపించేవాడు. మా మరదలు పెళ్ళినాటి తర్వాత అంత నవ్వడం నేను అప్పుడే చూశాను. ఒక ఆదివారం డోలక్ మళ్ళీ వాడి ఒళ్ళోకి వచ్చింది. మొదటి దెబ్బ పడగానే వెనక కూర్చున్న ముసలివాళ్ళంతా తల ఎత్తి చూశారు. ఆ చేయి ఎవరిదో వాళ్ళకు చూడకుండానే తెలుసు.

అప్పుడే గెలుపు ఎవరిదనే మాట వచ్చింది.

ముందు ఫంక్షన్ హాల్. మేనల్లుడు మమ్మల్నందరినీ తీసుకుపోయాడు. ముసుగులు తొడిగిన కుర్చీలు, చల్లటి గాలి, పెద్ద తెర. తమ్ముడికి కొడుకు అంగీ తొడిగారు, భుజాల దగ్గర బిగుసుకుపోయింది. కోటు సారు వాడి భుజం మీద చెయ్యి వేసి మైకు ఇచ్చాడు. ఇంట్లో నేర్పి పంపిన మాటే వాడు అన్నాడు. నా జీవితం నా చేతుల్లోనే ఉంది అన్నాడు. జనం లేచి చప్పట్లు కొట్టారు. మేనల్లుడు ఏడ్చాడు. ఆ ఏడుపు అబద్ధం కాదు, అందుకే నేను వాడిని ఏమీ అనను. దిగి వచ్చి నా పక్కన కూర్చున్న తమ్ముడు మాత్రం నా చెవిలో, "నా చేతులల్ల ఉంటే గింతగనం ఒణుకుతుండెనా అక్కా?" అన్నాడు.

తర్వాతి ఆదివారం సంఘం. పెద్దమనుషులు ముందే వచ్చి, ఇంత మేలు పొందినవాడు నోరు మూసుకుని కూర్చోవడం తప్పు అని చెప్పిపోయారు. అయ్యగారు మాత్రం తొందరేమీ లేదన్నారు. ఇంకొంత కాలం పోనివ్వమన్నారు. కానీ ఆయన మాట నెమ్మది మాట, పెద్దమనుషులది గట్టి మాట. తమ్ముడు ముందుకు పోయి నిలబడ్డాడు. కల్లు నన్ను కుక్కలాగా తిప్పింది, ప్రభువు నన్ను ఒక్క గడియలో విడిపించాడు, ఇప్పుడు నాకు ఏ మందూ అక్కర లేదు అన్నాడు. స్తోత్రం అన్న కేక పైకప్పు రేకులకు తగిలి తిరిగి వచ్చింది. పూలదండ వేశారు. పలచటి తెల్ల అంగీ జేబులో గోళీల అట్ట మెరుస్తూ నాకు కనబడింది. పొద్దున నేనే పెట్టి పంపాను, తిన్నాక వేసుకోమని.

చెప్పిన మాట చెప్పినట్టు ఉండాలి కదా. ఆ సాయంత్రం సంఘపు పెద్ద ఒకాయన ఇంటికి వస్తే, తమ్ముడు నీళ్ళ గ్లాసు పట్టుకున్న చేతిని వెనక్కి దాచుకున్నాడు. ఆ చేతిలో గోళీ ఉంది. విడుదల పొందినవాడు గోళీ మింగడమేమిటని ఎవరైనా అంటారని వాడి భయం. కొడుకు దగ్గర ఇంకో భయం. గోళీ అంటే చంకలో కర్ర, మనసు గట్టిది అయితే కర్ర ఎందుకు అని సారు చెప్పాడట. ఇటు పోతే ఇటు సిగ్గు, అటు పోతే అటు సిగ్గు. వాడు ఎవరికీ చెప్పకుండా గోళీలు ఆపేశాడు. తగ్గించలేదు, ఆపేశాడు.

ఇక్కడ మా ముత్తాత సంగతి చెప్పాలి. మా ఇంట్లో క్రీస్తును మొదట నమ్మింది ఆయనే. ఆయనకు కుష్ఠు వచ్చింది. ఊరి బయట గుడిసె వేసి ఉంచారు. నిజామాబాద్ అవతల తెల్లదొరలు కట్టిన కుష్ఠు దవాఖాన ఉందని ఎవరో చెప్తే, చేతి కర్ర మీద నడిచి పోయాడు. అక్కడ దొరసాని ఒకామె ఆయన పుండ్లు తన చేత్తో కడిగిందట. అంతే. ఆ జబ్బుకు అప్పుడు సరైన మందు లేదు. ఆయన వేళ్ళు తిరిగి రాలేదు, ముక్కు తిరిగి రాలేదు. ఇంటికి కూడా తిరిగి రాలేదు, అక్కడే పోయాడు. మా అవ్వ ఈ కథ చెప్పినప్పుడల్లా, ఆయన బాగుపడలేదు గాని ఆయనను ఎవరో ముట్టుకున్నారు అనేది. మా వంశంలో విశ్వాసం అంటే అది. ముట్టుకోవడం.

అదే విశ్వాసం మా చేతుల్లోకి వచ్చేసరికి ఇన్ని పూటల ఉపవాసానికి ఇంత విడుదల అన్న లెక్కగా మారింది. కోటు సారు చెప్పేది నీ చేతిలోనే ఉంది అని. మా అవ్వ చెప్పేది నీ చేతిలో లేదు, అందుకే చేతులు జోడించు అని. నాకు అవ్వ మాటే నిజమనిపిస్తుంది. అయినా నిజమైన మాట పట్టుకున్నందుకు మా ఇంటికి ఒరిగిందేమీ లేదు. ఇది సంఘంలో చెప్పే మాట కాదు, కాగితం కాబట్టి రాస్తున్నాను.

గోళీలు ఆపినాక వాడికి నిద్ర పోయింది. డోలక్ మీద చేయి తడబడింది. వణుకు ఆపుకోవడానికి ఒక గ్లాసు, అది కూడా బోధన్‌లో కాదు, ఎవరైనా చూస్తారని పని పేరు చెప్పి మోస్రా ఊరి దాకా పోయి తాగి వచ్చేవాడు. వచ్చి యాలకులు నమిలేవాడు. మరదలికి తెలిసింది, నాకు తెలిసింది. ఇద్దరం ఒకరికొకరం చెప్పుకోలేదు. ఒకరోజు అంత దూరం పోలేక బోధన్‌లోనే తాగాడు, ఆ రోజే కొడుకు చూశాడు. నిజామాబాద్ నుంచి బస్సు దిగి వస్తూ కల్లు దుకాణం గోడ పక్కన తండ్రిని చూసి, చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకువచ్చాడు. కొట్టలేదు, తిట్టలేదు. వాకిట్లో నిలబెట్టి అడిగాడు.

"నీకు మారాలని లేదు బాపూ. నిజంగ కావాలనుకుంటే ఎవ్వలైన మారుతరు. నీకే లేదు."

 తమ్ముడు చెప్పిన మాటకు బీడీ ఆకు కోస్తున్న నా కత్తెర ఆగిపోయింది.

"ఉన్నది బిడ్డా. నీకంటె నాకే ఎక్కువున్నది. అనుకునుడుతోటి అయితలేదు."

మేనల్లుడు లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. ఆ నెలలోనే నిజామాబాద్‌లో దోస్తులతో కలిసి గది తీసుకున్నాడు. క్లాసుకు కూడా పోవడం లేదని తర్వాత తెలిసింది. తండ్రిని చూపించి చప్పట్లు కొట్టించిన హాలులోకి ఏ ముఖం పెట్టుకుని పోతాడు. ఇప్పుడు ఫోను చేస్తే అమ్మతో మాట్లాడతాడు, తండ్రి గురించి అడగడు. ఆశ పెట్టుకున్నవాడు వాడొక్కడే, అది కూడా పోయింది.

తమ్ముడు సంఘంలోకి రావడం మానేశాడు. ఆదివారం నాతోనే బయలుదేరతాడు, గేటు దాకా వస్తాడు, అక్కడ గోడ పక్కన గొంతుకూర్చుంటాడు. లోపల పాట మొదలైతే మోకాలి మీద వేళ్ళతో తాళం వేస్తాడు. ఒకసారి అయ్యగారే పాటల నడుమ లేచి గేటు దగ్గరకు వచ్చి, లోపలికి రమ్మని, ఎవరూ ఏమీ అనరని బతిమాలారు. వీడు లేచి నిలబడి చేతులు కట్టుకున్నాడు.

"మైకుల చెప్పిన అయ్యగారూ. అందరు ఇన్నరు. గిప్పుడు ఎట్ల వస్త?"

అయ్యగారు, ప్రభువు ఎరుగును అన్నారు. అది చాలదని వాడి ముఖంలోనే ఉంది. ఆయన కూడా కాసేపు వాడి పక్కన గోడకు ఆనుకుని నిలబడి, లోపల పాట అయిపోయిందని పోయారు.

ఇంటికి వస్తుంటే దారిలో నన్ను అడిగాడు. "అక్కా, ఇచ్చిన సాక్ష్యం వాపస్ తీస్కోరాదా?"

అట్లాంటిది నేను ఎక్కడా వినలేదు. అందరూ మేలు చెప్పి కూర్చున్నారు గాని, చెప్పింది నిజం కాలేదని లేచి చెప్పినవాళ్ళు లేరు. వాళ్ళందరికీ బాగే అయిందా? జ్వరం తగ్గిందని చెప్పిన మనిషిని మళ్ళీ ఆ సంవత్సరమే మట్టి చేసి వచ్చాం. ఆ మాట ఎవరూ మైకులో చెప్పలేదు. నేను వారమంతా బీడీలు చుడుతూ ఇదే ఆలోచించాను. వాడి తరఫున నేను చెప్తే ఏమవుతుంది? అబద్ధం బరువు దిగిపోతే వాడు లోపలికి వచ్చి కూర్చోగలడు కదా అనిపించింది. చాప మీద వాడికి ఒక చోటు దొరికితే చాలు, డోలక్ లేకపోయినా చాలు.

ఆదివారం అయ్యగారు సాక్ష్యం ఉన్నవాళ్ళను రమ్మనగానే లేచాను. నేను ఎప్పుడూ ముందుకు పోని దాన్ని. మైకు నోటికి దగ్గరగా పెట్టుకోవాలో దూరంగా పెట్టుకోవాలో కూడా తెలియదు.

"మా తమ్ముడు మల్ల తాగుతుండు" అన్నాను. "నిన్న తాగిండు, ఇయ్యాల తాగుతడు. రేపు కూడ తాగుతడు కావొచ్చు. వాడు చెప్పిన సాక్ష్యం అప్పుడు మనం చెప్పుమంటే చెప్పిండు. వాడు గేటు కాడనే ఉన్నడు. గట్లనే ఉన్నోన్ని గట్లనే లోపలికి రానియ్యుండ్రి."

ఎవరూ స్తోత్రం అనలేదు. ఒక ముసలమ్మ మాత్రం అలవాటు కొద్దీ స్తోత్రం అని, నాలుక కరుచుకుంది. తర్వాత ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు. మేలు చెప్తే ఏమనాలో నేర్చుకున్నారు గాని, దీనికి మాట లేదు. అయ్యగారు చిన్న ప్రార్థన చేశారు. పక్కనున్నవాళ్ళు పాట ఎత్తుకున్నారు.

నేను గేటు దగ్గరకు ఉరికాను. వాడు లేడు. మైకు చప్పుడు రోడ్డు మీదికి వినిపిస్తుందన్న సంగతి నేను మరిచిపోయాను.

కల్లు దుకాణంలో దొరికాడు. ఆదివారం పూట, పొద్దున పూట. మగవాళ్ళంతా వరుసగా నేల మీద కూర్చుని ఉన్నారు. నేను ఆరాధన చీరతో, చంకలో బైబిలు సంచితో పోయి వాడి పక్కన కూర్చున్నాను. ఎవరో నాకు జాగా ఇవ్వడానికి జరిగారు. ఆడవాళ్ళు కూర్చోవడం అక్కడ కొత్తేమీ కాదు, బైబిలుతో కూర్చోవడమే కొత్త. తమ్ముడు సీసా పక్కకు పెట్టాడు, నా వైపు చూడలేదు.

"ఎందుకు చెప్పినవక్కా. అప్పుడు మన ఇంటోల్లకే ఎరుకుండె. గేటు దాకనన్న వచ్చేటోన్ని."

నువ్వు వాపస్ తీసుకోరాదా అని అడిగావు కదా, అందుకే తీశాను అన్నాను. వాడు ఔనన్నట్టు తల ఊపాడు. కోపం లేదు. వాడికి నా మీద ఎప్పుడూ కోపం లేదు, అదే నాకు భరించరానిది. ఎండ పడుతోంది, నన్ను ఇంటికి పొమ్మన్నాడు. నేను పోలేదు. వాడు తాగడం అయ్యేదాకా కూర్చుని, భుజం పట్టుకుని నడిపించుకుని వచ్చాను.

ఆ సాయంత్రం సంఘం ఆడవాళ్ళు వచ్చారు. మంచి మనసుతోనే వచ్చారు, టిఫిన్ డబ్బాలో పులిహోర కూడా తెచ్చారు. వాడి మంచం చుట్టూ కూర్చుని పాడారు. వాడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పాట అయ్యేలోపలే లేచి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

ఇప్పుడు వాడు గేటు దాకా కూడా రాడు. దవాఖానకు మళ్ళీ పోదామంటే, ఎన్నిసార్లు మారాలె అక్కా అని అడుగుతాడు. పోయిన వానాకాలం నుంచి కాళ్ళు వాచాయి, కళ్ళు పసుపుపచ్చగా ఉన్నాయి. మరదలు సీసా తెచ్చి కొంచెం కొంచెం పోస్తోంది. నేను వారించడం లేదు. వాడి చేతులు వణికినప్పుడు నా చేతుల మధ్య పట్టుకుని కూర్చుంటాను. మా ముత్తాతకు దొరసాని చేసినంత కూడా నేను చేయడం లేదు, అయినా చేయగలిగింది అదే.

వాడు మారాలని నేనిప్పుడు అడగడం లేదు. అడిగే ధైర్యం కూడా లేదు. ప్రభువా, వాడు ఉన్నదున్నట్టు నీవాడే అని ఒక్కసారి నువ్వే వాడికి చెప్పు అంటాను. నేను చెప్తే నమ్మడం లేదు. వాడి ముఖం చూస్తే ఇప్పటిదాకా ఆయన చెప్పినట్టు కూడా లేదు.